తేలిక వార్డు

నారు నెల, మొదటి వారం

రోజూ ఏదో ఒకటి మాట్లాడమన్నారు. మంచం తల దగ్గర చిన్న బిళ్ల ఉంది, నేను చెప్పింది విని అదే రాసుకుంటుంది. ఈ వార్డులో ఉన్నవాళ్లకు నిన్న ఏదో ఇవాళ ఏదో తెలియకుండా పోతుందట. అందుకని ఈ ఏర్పాటు. నాకు ఇలా మాట్లాడటం అలవాటు లేదు. మా పనిలో మాటలు తక్కువ.

నా పేరు సుగుణ. మట్టి షెడ్డులో పని. పొట్టు, పేడ, పాచి కలిపి మాగబెట్టిన మట్టిని తట్టలకెత్తి మెట్ల మడుల మీదికి మోస్తాం. మోసీ మోసీ మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. మొన్న పై మడికి ఎక్కుతుంటే కాలు జారింది. ఊరు తిరుగుతూ ఉంటుంది కాబట్టి మా దగ్గర ఏది పడినా కాస్త పక్కకు పడుతుంది. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే, కానీ పడేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది. గట్టు రాయి తొడకు తగిలింది. లోపల విరిగిన చప్పుడు నాకంటే ముందు మా ఆయన ఓదెలు విన్నాడు. మడికి నీళ్లు వదులుతున్నవాడు తూము అలాగే తెరిచి పెట్టి పరుగెత్తుకొచ్చాడు. మడి నిండి పొర్లి, కింది వాళ్ల ఇళ్లలోకి నీళ్లు పోయాయని తర్వాత చెప్పారు.

తొడ ఎముక రెండు ముక్కలయింది. ఆసుపత్రికి తెచ్చారు.

ఆకాశంలో తిరిగే మా ఊరు చక్రంలా ఉంటుందని పాతవాళ్లు బండి చక్రం పేర్లే పెట్టారు. మేం నివసించే అంచు పట్టా. నడిమధ్యన ఇరుసు. పట్టా నుంచి ఇరుసుకు పోయే దారులు ఆకులు. ఆసుపత్రి ఒక ఆకు పొడుగునా ఉంది. పైకి పోయినకొద్దీ ఒంటి బరువు తగ్గుతుంది. ముప్పావు వార్డు, సగం వార్డు, పావు వార్డు, అన్నిటికంటే పైన ఇరుసు దగ్గర తేలిక వార్డు. లిఫ్టు ఎక్కుతుంటే నొప్పి ఒక్కొక్క దుప్పటి తీసేసినట్టు నా మీద నుంచి పోయింది. పైకి చేరేసరికి నేను ఏడుస్తున్నాననే సంగతి కూడా మరిచిపోయాను.

నారు నెల, అదే వారం కావచ్చు

ఆపరేషన్ అయింది. విరిగిన చోట పాలతెలుపు జాలీ ఒకటి పెట్టి కట్టారు. బీరతీగ పందిరికి పాకినట్టు ఎముక దాని మీద అల్లుకోవాలట. వాపు తగ్గేదాకా ఇక్కడ ఉంచి, తర్వాత ఒక్కొక్క వార్డూ కిందికి దించుతారు.

ఇక్కడ మంచం అంటే మంచం కాదు. గోడకు కుట్టిన సంచి. అందులో నడుము దగ్గర పట్టీ కట్టుకుని తేలుతూ ఉంటాం. నిద్రలో చేతులు వాటంతట అవే ముందుకు లేస్తాయి, ఎవరికో దండం పెట్టబోయి ఆగినట్టు. వార్డంతా అలా చేతులు లేపి నిద్రపోతున్నవాళ్లే. గుండ్రటి కిటికీలోంచి వచ్చే ఎండ గోడల మీద నెమ్మదిగా తిరిగి, ఒక్కొక్క ముఖాన్నీ కాసేపు చూసి పోతుంది.

కిటికీలోంచి పట్టా మొత్తం కనబడుతుంది. పచ్చటి వడ్డాణంలా. అంత పనీ, అంత మట్టీ, అన్ని గొడవలూ అంత సన్నటి పచ్చగీతలో ఉన్నాయంటే నమ్మబుద్ధి కాలేదు.

నేను లావుపాటి మనిషిని. చిన్నప్పటి నుంచీ అంతే. కూర్చుంటే లేవడానికి ఒక చెయ్యి కావాలి, మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇక్కడ పక్క గోడను వేలి కొసతో తాకితే చాలు, దూదిలా కదిలిపోతున్నాను. మోకాళ్లు ఉన్నాయన్న ధ్యాసే లేదు. విరిగిన కాలు నాది కానట్టు, నా పక్కన ఎవరో పడుకున్నట్టు ఉంది.

పక్క సంచిలో బాలమణి అనే పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు నీళ్లలో నాచులా తల చుట్టూ తేలుతుంటుంది. పట్టా మీద ఉన్నప్పుడు బట్టలు కుట్టేదట. తుంటి విరిగి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. ఎంత కాలమని అడిగితే నవ్వింది. ఇప్పుడు వార్డులో అందరి సంచులూ పట్టీలూ ఆవిడే కుడుతుంది. సూది వదిలేస్తే అది గాలిలో అలాగే ఆగి ఉంటుంది, ఆవిడ మళ్లీ చెయ్యి చాచేదాకా.

నాకు జావ తాగడం, మొహం కడుక్కోవడం, దేన్నీ తన్నుకోకుండా ఒళ్లు తిప్పుకోవడం ఆవిడే నేర్పింది. నేను కాలు తడుముకుంటుంటే చూసి అంది, "దాని సంగతి ఆలోచన జెయ్యకు పిల్లా. అది పండుకుంది. నువ్వు గూడ పండుకో."

పడుకున్నాను. ఇంత బాగా నిద్రపోయి ఎన్నేళ్లయిందో.

నాట్ల నెల

ఓదెలు వచ్చాడు. ఆయనకు ఇక్కడి గాలి పడదు. తలుపు దాటగానే ముఖం పాలిపోయింది. ఒక చేత్తో పట్టీ పట్టుకుని, ఇంకో చేత్తో నోటి దగ్గర సంచి పెట్టుకుని, కళ్లు మూసుకుని మాట్లాడాడు. మా మడి నాటు అయిందట. నా బదులు షెడ్డులోకి కొత్తామెను తీసుకున్నారట, ఆమె మట్టి మరీ తడిగా కలుపుతోందట. మధ్యలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వెళ్లిపొమ్మన్నాను. ఇంకా సమయముంది కదా అని ఉన్నాడు.

ఆయన వెళ్లాక బాలమణి, మంచి మనిషి అంది. అవునన్నాను. ఆయన చేతుల నుంచి బురద వాసన వచ్చింది. ఇక్కడ ఏ వాసనా ఉండదు కాబట్టి అది చాలాసేపు నా చుట్టూ తేలుతూ ఉంది. తర్వాత గాలి మర దాన్ని లాగేసింది.

వాపు తగ్గింది. ఫిజియో జరీనా వచ్చి పావు వార్డుకు దిగుతారా అని అడిగింది. సన్నటి పిల్ల, ఎప్పుడూ ఏదో ఒక గోడకు ఒక కాలు తగిలించి నిలబడుతుంది. ఇష్టం లేకుండా ఎవరినీ కిందికి దించకూడదని ఇక్కడి నియమం. దిగుతానని రోగి తన నోటితో అనాలి.

ఇంకో రెండు రోజులు చూద్దామన్నాను.

నాట్ల నెల చివర అనుకుంటాను

కలలు ఎక్కువయ్యాయి. మెలకువలో ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి కలలోనే ఉన్నానేమో అనిపిస్తుంది. ఒక కలలో మట్టి తట్టలన్నీ షెడ్డులోంచి లేచి, వాటంతట అవే వరుసగా మడుల మీదికి పోతున్నాయి. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఎవరూ నన్ను పిలవడం లేదు. లేచాక కూడా ఆ హాయి పోలేదు.

కాలుకు ఫొటో తీశారు. డాక్టరు తెర మీద చూపించింది. జాలీ జాలీలాగే ఉంది, దాని మీద ఏమీ పాకలేదు. రెండు ముక్కల మధ్య నల్లటి సందు. ఈపాటికి తెల్లగా మంచు పట్టినట్టు కనబడాలట. నాకేం నొప్పి లేదు కదా అన్నాను. అదే దిగులు అంది డాక్టరు.

తర్వాత జరీనా వచ్చి నా సంచి పక్కన చాలాసేపు ఉంది. బతిమాలలేదు, భయపెట్టలేదు. "ఎముకకు పని దొరికితేనే పెరుగుతదమ్మా," అంది. "ఇక్కడ దానికి పనేం లేదు. ఉన్న ఎముక గూడ ఎందుకులే అని కరిగిపోతది."

పనిలేకుండా ఉండటం ఎముకకు కూడా ఇష్టమే అయి ఉంటుందని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం, వచ్చే వారం చూద్దామన్నాను.

కలుపు నెల

ఓదెలు రావడం లేదు. వాంతులతో పాటు చెవిలోంచి రక్తం వచ్చిందని కింది డాక్టర్లు తేలిక వార్డుకు పోవద్దన్నారు. పావు వార్డు దాకా అయితే రావచ్చట. ఫోనులో ఆ మాట తనే చెప్పాడు. అవతల తూములో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఎప్పుడు దిగుతవ్?" అని మొదటిసారి అడిగాడు.

ఇంకా తల తిరుగుతోందని చెప్పాను. తల తిరగడం లేదు. ఆయన సరే అన్నాడు. కలుపు ఎక్కువగా ఉంది, రేపు మాట్లాడతానని పెట్టేశాడు.

ఆయన మీద ప్రేమ లేక కాదు. అది ఈ బిళ్లకు చెప్పాలనిపిస్తోంది. దిగితే మళ్లీ ఆ ఒళ్లు, ఆ మోకాళ్లు, ఆ మెట్లు. పైగా ఇప్పుడు విరిగిన కాలు. ఇన్నేళ్లలో నా ఒంట్లో నాకు చోటు దొరికింది ఇక్కడే. దాన్ని వదిలి రమ్మంటే ఎలా వస్తాను?

ఫొటో మళ్లీ తీశారు. సందు అలాగే ఉంది. ఈసారి మంచి కాలి ఎముక కూడా పలచబడిందని చూపించారు. ఇంకొంత కాలం పోతే నేను దిగుతానన్నా దించలేమని డాక్టరు మెల్లగా చెప్పింది. నా బరువే నా ఎముకల్ని విరిచేస్తుందట.

కిటికీలో పచ్చగీత కొంచెం ముదురు రంగుకు తిరిగింది. పైరు ఎదుగుతోంది.

కలుపు నెల, ఇవాళ

నా నడుము పట్టీ కుట్టు ఊడింది. బాలమణి దగ్గరికి వచ్చి కుడుతోంది. నా పైన కొద్దిగా వంగి, జుట్టు తేలుతూ, ఏదో పాత పాట సన్నగా పాడుతూ. పాట మధ్యలో నవ్వొచ్చింది ఆవిడకు, ఎందుకో చెప్పబోయింది. దారం గట్టిపడాలని చేత్తో లాగింది.

ఎండు పుల్ల విరిగిన చప్పుడు.

దారం తెగిందనుకున్నాను. దారం అలాగే ఉంది. ఆవిడ ముంజేయి మధ్యలోంచి వంగి ఉంది, మడత ఉండకూడని చోట. ఆవిడ కేక వెయ్యలేదు. సూదిని రెండో చేత్తో జాగ్రత్తగా అందుకుని, నా సంచి అంచుకు గుచ్చి, జరీనాను పిలవమంది.

నర్సులు వచ్చి కట్టు కట్టారు. వాళ్ల చేతులు అంత నెమ్మదిగా కదలడం ఎప్పుడూ చూడలేదు. ఆ చెయ్యి విరగడం ఇది మొదటిసారి కాదని అప్పుడు తెలిసింది. పక్కటెముకలు దగ్గుకే విరిగాయట ఒకసారి.

అందరూ వెళ్లాక నేనే అడిగాను, ఎందుకు దిగలేదని. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"రేపు దిగుత అనేదాన్ని. వద్దన్నోళ్లు లేకుండె, గట్టిగ అడిగినోళ్లు లేకుండె. రోజూ రేపే అన్న. నాకేం బాధ గాలె పిల్లా. బాధ అయితె దిగుదునేమో."

ఎండ గోడ మీద తిరుగుతూ వచ్చి ఆవిడ కట్టు మీద ఆగి, పోయింది. నాకు దిగులు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంత మెత్తగా, ఇంత హాయిగా ఉండే చోటు మనిషిని ఇలా లోపల్నుంచి తినేస్తుంటే ఒక్క నొప్పయినా పుట్టించదేమని.

జరీనాను పిలిచి, దిగుతానని చెప్పాను. ఆ పిల్ల తల ఊపి, వెంటనే పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. నేను మనసు మార్చుకుంటానని భయపడిందో ఏమో.

బాలమణి దగ్గర సెలవు తీసుకుందామని తిరిగాను. ఆవిడే బాగున్న చెయ్యి ఎత్తి పొమ్మన్నట్టు ఊపింది, కోడిని అదిలించినట్టు.

పావు వార్డు

లిఫ్టు దిగుతుంటే మొదట జుట్టు భుజాల మీద పడింది. తర్వాత చేతులు ఒళ్లోకి వచ్చాయి. తర్వాత నాలుక నోట్లో ఒక చోట ఆగింది. ఒక్కొక్కటీ ఇంటికి తిరిగొచ్చి కూర్చున్నట్టు. చివరకు కాలు వచ్చింది.

ఎలా చెప్పను. పడిన రోజున కూడా ఇంత నొప్పి లేదు. ఇన్నాళ్ల నొప్పినంతా ఎవరో దాచి పెట్టి ఒక్కసారి ఇచ్చినట్టుంది. ఇక్కడ పావు బరువే. తలకింద దిండు కూడా సరిగా అణగదు. ఆ పావుకే కేక పెట్టాను.

కన్నీళ్లు చెంపల మీదుగా కిందికి జారాయి. పైన ఉన్నప్పుడు అవి కళ్లలోనే ముద్దకట్టి ఉండిపోయేవి, తుడుచుకునేదాకా లోకం మసకగా ఉండేది. ఇక్కడ జారి చెవి దగ్గర చల్లగా తగిలాయి. లోకం స్పష్టంగా కనబడింది. గోడ మీద పెచ్చులూడిన రంగు, మూల ఒక బకెట్టు, బకెట్టులో అడుగున నిలిచిన నీళ్లు.

జరీనా రోజూ వచ్చి, పాదం కింద పలక పెట్టి దాన్ని తొక్కమంటుంది. తొక్కితే పలక మీద ముల్లు కదలాలి. మొదటి రోజు కదల్లేదు. నేను బూతులు తిట్టాను. ఆ పిల్ల వినిపించుకోనట్టు, ఇంకొక్కసారి అంది.

పొట్ట నెల

ఫొటోలో సందు మీద సన్నటి పొగలాంటిది కనిపించింది. డాక్టరు వేలితో చూపిస్తే తప్ప నాకు తెలియలేదు. అదే కొత్త ఎముకట. ఇంకా మెత్తన, వెన్నలా. కానీ వచ్చింది. నేను ఆ బొమ్మను ఇంకాసేపు తెర మీద ఉంచమని అడిగాను.

నొప్పి పోలేదు. దానికి అలవాటు పడ్డాను. ఒక్కోసారి నిద్రలో మళ్లీ తేలుతుంటాను, బాలమణి జుట్టు నా ముఖం మీదుగా పోతుంది, ఆ పాట వినిపిస్తుంది. మెలకువ వచ్చేసరికి మంచం నన్ను కింది నుంచి పట్టుకుని ఉంటుంది. మొదట్లో అది జైలులా అనిపించేది. ఇప్పుడు పట్టుకుంటే పట్టుకోనీ అనిపిస్తోంది.

ఓదెలు వచ్చాడు. తలుపు దగ్గర ఆగి, గోడ పట్టుకుని, పావు బరువులో అడుగులు ఎలా వెయ్యాలో తెలియక కొంగలా గెంతుతూ వచ్చాడు. నవ్వాను. ఆయనకూ నవ్వొచ్చింది. నా మొహం చూసి, చిక్కిపోయానన్నాడు. పక్కన కూర్చున్నాడు. తర్వాత పైరు పొట్టకొచ్చిందని చెప్పాడు. నేను పైన ఉండగా ఫోను పెట్టేసినప్పుడల్లా ఏం చేసేవాడివని అడిగాను.

"తూము మీద కూసునేది," అన్నాడు. "పైకి జూసేది. ఇరుసు కనబడతది గద."

నేను కిటికీలోంచి కిందికి చూస్తున్నప్పుడు ఆయన పైకి చూసేవాడు. ఇద్దరికీ ఒకరికొకరు కనబడే దూరం కాదు. నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. అలాగే కూర్చున్నాం.

కోత నెల, సగం వార్డు

చంకకర్రలతో నిలబడ్డాను. విరిగిన కాలు రెండోదాని కంటే వేలెడు పొట్టి అయింది. నేను దిగడానికి ఆలస్యం చేసినందువల్లే అని డాక్టరు దాచకుండా చెప్పింది. కుంటు ఉంటుంది. తట్టలు మోయకూడదు. విత్తనాలు ఏరే గదిలో కూర్చునే పని ఇస్తామని షెడ్డు నుంచి కబురు వచ్చింది.

మోకాళ్లు మళ్లీ నొప్పి. ఒళ్లు మళ్లీ బరువు. చెప్పాలంటే, మొదటిసారి నా బరువు నాకు మునుపటంత పరాయిగా అనిపించలేదు. పలక మీద ముల్లు కదిలిన ప్రతిసారీ, లోపల ఎక్కడో ఒక కూలివాడు లేచి పనికి పోతున్నట్టు ఉంటుంది. వాడికి నేను కావాలి.

వచ్చే నెల ముప్పావు వార్డు. ఆ తర్వాత ఇల్లు.

బాలమణి గురించి అడిగితే, చెయ్యి అతుక్కుందని, మళ్లీ కుడుతోందని జరీనా చెప్పింది. నన్ను చూడాలంటోందట. ఫోనులో మాట్లాడిస్తానంటే వద్దందట. నేను పైకి పోవచ్చా అని అడిగాను. తేలిక వార్డుకు పంపేది లేదన్నారు డాక్టర్లు, ఆ హాయి మళ్లీ పట్టుకుంటుందని. పావు వార్డు దాకా అయితే పోవచ్చన్నారు.

ఆ మాట జరీనా పైకి తీసుకుపోయింది.

కోత నెల చివర

ఇవాళ పావు వార్డుకు పోయాను. ఒక్క చంకకర్రతో లిఫ్టులోంచి దిగి, కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. కింద పచ్చగీత పసుపు రంగుకు తిరిగి ఉంది, అక్కడక్కడా కోసిన చోట మట్టి రంగు.

పై లిఫ్టు తలుపు తెరుచుకుంది. జరీనా, ఇద్దరు నర్సులు ఒక పెద్ద తొట్టెను మోసుకొచ్చారు. లోపల మందంగా దూది, మెత్తటి బట్టలు. వాటి మధ్యలో బాలమణి. అన్ని వైపులా దిండ్లు కుక్కి, తల కదలకుండా పట్టీ కట్టారు. దిగుతానని తన నోటితోనే అందట. డాక్టర్లు వారమంతా ఆలోచించి, కొద్దిసేపు మాత్రం దించడానికి ఒప్పుకున్నారు.

ఆవిడ జుట్టు మొదటిసారి తల మీద అణిగి ఉంది. ముఖం వేరే మనిషిలా, చిన్నగా, వయసు మళ్లినట్టుగా కనిపించింది. ఊపిరి తీయడమే పనిలా ఉంది. అయినా కళ్లు నన్ను వెతుక్కుంటున్నాయి. నేను లేచి నిలబడ్డాను. కర్ర బెంచీకి ఆనించి, రెండు కాళ్ల మీద, నా అంతట నేను. వంకరగానే. ఆవిడ చూడాలని.

చూసింది. పై నుంచి కింది దాకా, కొలతలు తీసుకుంటున్నట్టు. పొట్టి కాలు వైపు చూసి, లంగా అంచు ఆ వైపు మడిచి కుట్టుకోవాలి అంది. నేను నవ్వబోయి ఏడ్చాను.

తొట్టె పక్కన కూర్చున్నాను. నొప్పిగా ఉందా అని అడిగితే, ఉందని కళ్లతోనే చెప్పింది. పైకి పోదామా అని జరీనా అడిగింది. ఆవిడ ఒక్క క్షణం ఆగమన్నట్టు వేలు కదిపింది.

"నిలబడితె ఎట్లుంటదో మర్శిపోయిన పిల్లా. బరువంటె ఎట్లుంటది?"

జరీనా వైపు చూశాను. మెల్లగా అన్నట్టు తల ఊపింది. దూదిలో తెరిచి ఉన్న బాలమణి అరచేతి మీద నా అరచెయ్యి పెట్టాను. మొదట ఆనీ ఆననట్టు. తర్వాత కొంచెం కొంచెంగా కండ వదిలేశాను, చెయ్యి తనంతట తాను కిందికి ఒరిగి, ఆవిడ చేతిలో పూర్తిగా కూర్చునేదాకా.

బాలమణి కళ్లు మూసుకుంది.

నర్సులు తొట్టె పట్టుకోవడానికి వంగారు. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

"తియ్యకు," అంది.